పెరట్లో గోంగూర, మట్టిలో సీసం

మా వదిన నర్సు. అన్నయ్య దుబాయ్ జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గిడ్డంగిలో స్టోర్ కీపరు. నేను వాళ్ళ దగ్గరే ఉంటూ మట్టినీ నీళ్ళనీ పరీక్షించే ఒక చిన్న ల్యాబులో పనిచేసేదాన్ని. రెండు వేల ఐదులో మేం ముగ్గురం రషీదియాలో ఒక పాత విల్లా వెనక భాగంలో రెండు గదుల్లో ఉండేవాళ్ళం. ముందు గదుల్లో రెండు మలయాళీ కుటుంబాలు, గేటు పక్క గదిలో పెషావర్ నుంచి వచ్చిన ముసలి వాచ్‌మన్. ఆయన్ని అందరం చాచా అనేవాళ్ళం. మా వాటాకున్న గొప్పల్లా వెనక తలుపు తీస్తే పెరడు. మా వాళ్ళు చాలామంది ఊరి నడుమ నైఫ్ పేటలో ఒక్కో మంచం జాగాలో సర్దుకునేవాళ్ళు. శుక్రవారం సెలవు నాడు ప్రార్థన అయ్యాక మా ఇంటికి భోజనానికొస్తే ముందు ఆ పెరట్లోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చేవాళ్ళు.

అక్కడ గోంగూర వేద్దామన్నది వదినే. ఆమెకు అప్పటికి పెళ్ళయి ఆరేళ్ళు. రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ మూడో నెల దాటకుండానే పోయింది. ఆ మాట ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్ళం కాదు. డ్యూటీ నుంచి వచ్చాక కాసేపు మట్టిలో చేతులు పెడితే మనసు కుదుటపడుతుందని ఆమే అంది. వాళ్ళమ్మ ఊరి నుంచి వస్తున్న వాళ్ళ చేత ఎర్ర గోంగూర విత్తనాలు పంపించింది.

సెప్టెంబరులో నేల తవ్విన మొదటి రోజే నల్లటి ప్లాస్టిక్ ముక్కలు బయటపడ్డాయి. గోరంతవి కొన్ని, అరచేయంతవి కొన్ని. ఇవేంటని చాచాని అడిగితే తాపీగా చెప్పాడు. మాకు ముందున్న మనిషి పాత కారు బ్యాటరీలు తెచ్చి ఆ పెరట్లోనే పగలగొట్టి, లోపలి సీసం తీసి అమ్ముకునేవాడట. "అచ్ఛా ఆద్మీ థా, రోజ్ చాయ్ పిలాతా థా" అని కూడా అన్నాడు. రోజూ టీ పోసేవాడు కాబట్టి మంచివాడే.

సీసం అనగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. నేను మైక్రోబయాలజీ చదివాను. వేరుశనగ వేళ్ళ చుట్టూ బతికే బ్యాక్టీరియా మీద రెండేళ్ళు కూర్చుని ప్రాజెక్టు రాశాను. ఆ చదువుకి దుబాయ్‌లో దొరికిన పని తోటల కాంట్రాక్టర్లు తెచ్చే మట్టిలో ఉప్పెంత, సున్నమెంత అని చూడటం. ఇంట్లో నా చదువు గురించి గొప్ప చెప్పుకునే అవకాశం ఎప్పుడొస్తుందా అని చూస్తుండేదాన్ని. విత్తనాలు పక్కన పెట్టించి, పెరట్లో ఐదారు చోట్ల మట్టి తీసుకుని ల్యాబుకి పట్టుకెళ్ళాను.

ఇలాంటి మట్టికి రెండు పరీక్షలు చేస్తాం. ఒకటి, ఘాటు ఆమ్లంలో మరిగించి మట్టిలో మొత్తం సీసం ఎంతుందో చూడటం. రెండోది, మొక్క వేరు లాక్కోగలిగినంత మాత్రమే లాగే ఒక తేలికపాటి ద్రావణంలో మట్టిని కలిపి, అందులోకి ఎంత దిగిందో చూడటం. మొదటి పరీక్షలో సీసం బాగానే కనిపించింది. రెండోదాంట్లో దాదాపు లేదు. నాకేమీ ఆశ్చర్యం వేయలేదు. అక్కడిది సున్నపు నేల. అలాంటి నేలలో సీసం సున్నంతో ముడిపడి గట్టిగా ఉండిపోతుంది. నీళ్ళలో కరగదు. కరగనిది వేరులోకి పోదు.

"ఉంటే ఉంది వదినా, మొక్కకి మాత్రం అందదు. దుమ్ము పోయేలా నాలుగుసార్లు కడుక్కుని తిను, చాలు" అన్నాను.

"నాకేం తెలుస్తాదమ్మాయ్ ఇయ్యన్నీ. నువ్వు బాగుందంటే బాగున్నట్టే" అంది వదిన. ఆ రోజు నాకు చాలా సంతోషంగా ఉండింది.

మొక్కలు లేచాయి కానీ పాలిపోయాయి. ఆకు ఈనెలు ఆకుపచ్చగా, మధ్య భాగమంతా పసుపుగా. వదిన నీళ్ళు చాలలేదంది. అన్నయ్య యూరియా తెస్తానన్నాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాను. అది ఇనుము అందని జబ్బు. నేలలో ఇనుముంది, కానీ సున్నం దాన్నీ పట్టేసుకుంది. యూరియా పోస్తే ఏమీ కాదు. వేరు చుట్టూ మంచి బ్యాక్టీరియాని పెంచితే అవి చిన్న చిన్న ఆమ్లాలు వదిలి ఇనుమును విడిపించి మొక్కకు అందిస్తాయి.

దానికి మా ఇంటి పద్ధతి ఒకటుంది. మా నాన్న కూరగాయ పాదులకి కుడితి పులియబెట్టి పోసేవాడు. నేను దానికి నా చదువు కూడా కలిపాను. చాచాకి తెలిసిన లారీ డ్రైవరు పశువుల సంత నుంచి మేక పెంట తెచ్చిచ్చాడు. బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి, తేదీ దాటిన లబన్ మజ్జిగ సీసాలు నాలుగు, బెల్లానికి బదులు ఖర్జూరం పాకం, గోడవతల వేప చెట్టు మొదట్లోంచి రెండు గుప్పిళ్ళ మట్టి. అన్నీ పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో వేసి గోనె కప్పి వారం రోజులు పులియనిచ్చాను. ఆ వాసనకి ముందు గదుల వాళ్ళు కిటికీలు మూసుకున్నారు. అన్నయ్య ముక్కుకి తువ్వాలు కట్టుకుని స్నానానికి వెళ్ళేవాడు. "పీహెచ్‌డీ చెయ్యలేదని మా పెరట్లో చేస్తున్నావా?" అనేవాడు. వారానికి రెండు చెంబులు చొప్పున ఒక్కో మొక్క మొదట్లో పోసేదాన్ని.

నెల తిరిగేసరికి ఆకు రంగు మారింది. చేయి వేస్తే జారిపోయేంత నున్నగా, ముదురు ఆకుపచ్చగా, కాడలు ఎర్రగా. కోసిన కొద్దీ చిగురేసేది. శుక్రవారం వచ్చినవాళ్ళు సంచుల్లో పట్టుకెళ్ళేవాళ్ళు. వదినతో పనిచేసే నర్సులైతే ఫోన్ చేసి మరీ అడిగేవాళ్ళు. నేను సంతోషంతో ఉబ్బిపోయాను.

అప్పుడే వదినకి నెల తప్పింది. ఏది వండినా కడుపులో ఇమిడేది కాదు, ఒక్క గోంగూర తప్ప. గోంగూర పప్పు, గోంగూర పచ్చడి, సెలవు నాడు గోంగూర రొయ్యలు. డ్యూటీకి వెళ్ళేటప్పుడు చిన్న డబ్బాలో అన్నంలో కలుపుకుని పట్టుకెళ్ళేది. మూడో నెల దాటింది. నాలుగో నెల వచ్చింది. ఇంట్లో అందరం మెల్లిగా ఊపిరి పీల్చుకున్నాం. అన్నయ్య పాట పాడుకుంటూ గడ్డం గీసుకోవడం ఆ ఇంట్లో నేను మొదటిసారి అప్పుడే విన్నాను.

"ఈసారి నీ గోంగూరే నిలబెట్టింది అమ్మాయ్" అనేది వదిన. నేను కాదనేదాన్ని కాదు.

ఫిబ్రవరిలో, ఆమె ఐదో నెలలో ఉండగా, మా ల్యాబుకి కొత్త పని వచ్చింది. శుద్ధి చేసిన మురుగు నీటితో పెంచిన ఆకుకూరల్లో లోహాలు ఉన్నాయేమో చూడాలి. పోల్చుకోవడానికి ఏ దోషమూ లేని ఆకు ఒకటి కావాలన్నాడు మా ముదీర్, అంటే మేనేజరు. ఆయన జోర్డాన్ మనిషి. కోపం తక్కువ, అనుమానం ఎక్కువ. నేను మా పెరటి గోంగూర తీసుకెళ్ళాను. నేనే పరీక్షించిన నేల, నేనే పెంచిన మొక్క, ఇంకేం కావాలి?

ఆదివారం నాడు ఫలితాలు వచ్చాయి. తెచ్చిన ఆకులన్నిట్లో సీసం అత్యధికంగా ఉన్నది ఆ గోంగూరలోనే. పోల్చుకోవడానికి తెచ్చిన ఆకుకే అన్నిటికంటే పెద్ద అంకె వచ్చింది.

ముదీర్ కాగితం చూసి, "గాజు సామాను సరిగా కడగలేదు నువ్వు. మళ్ళీ చెయ్, యల్లా, త్వరగా కానీ" అన్నాడు. ఆ మాట పట్టుకుని వేలాడాను. సీసాలన్నీ ఆమ్లంలో నానబెట్టాను. సోమవారం మళ్ళీ చేశాను, అదే అంకె. ఆ సాయంత్రం వదిన నా ఎదురుగా కూర్చుని గోంగూర పప్పు కలుపుకుంటోంది. "ఏంటలా చూస్తన్నావ్, నీకూ వెయ్యనా?" అంది. వద్దన్నాను. కడుపులో బాగాలేదన్నాను. ఆమె రెండోసారి వడ్డించుకుంది.

మంగళవారం పొద్దున్నే మొక్క వేళ్ళకు అంటుకున్న మట్టి దులిపి తీసుకెళ్ళాను. పీహెచ్ చూస్తే పాత అంకెకి పెద్ద తేడా లేదు. అంత సున్నపు నేల నా రెండు చెంబులకి లొంగుతుందా? కానీ తేలికపాటి ద్రావణంతో పరీక్ష చేస్తే, సెప్టెంబరులో దాదాపు దిగనిది ఇప్పుడు దిగింది. అప్పుడు అర్థమైంది. నేను పెంచిన బ్యాక్టీరియా మొత్తం పెరటిని మార్చలేదు. వేరుకు అంటి ఉన్న ఆ సన్నటి పొరను మాత్రం మార్చింది. మొక్క తినేది ఆ పొరలోంచే. అవి వదిలిన ఆమ్లాలు సున్నాన్ని కరిగించి ఇనుమును విడిపించాయి, పక్కనే ఉన్న సీసాన్నీ విడిపించాయి. వాటికి ఇనుమైతే ఒకటీ సీసమైతే ఒకటీనా? సెప్టెంబరులో నేను చేసిన పరీక్ష తప్పేమీ కాదు. ఆ మట్టి గురించి చెప్పింది నిజమే. ఆ తర్వాత దాన్ని వేరే మట్టిగా మార్చేసి, పాత ఫలితం పట్టుకుని కూర్చున్నాను. ఇది బ్యాక్టీరియా చదివినదానికి తట్టాల్సిన విషయం. వేరే ఎవరికైనా తట్టకపోతే క్షమించవచ్చు.

ఆ సాయంత్రమైనా చెప్పాల్సింది. చెప్పలేదు. మూడుసార్లు సరిచూడకుండా ఫలితం బయటపెట్టకూడదని ల్యాబులో నియమం ఉందని నాకు నేను చెప్పుకున్నాను. ఆ నియమం కాంట్రాక్టర్ల కోసం పెట్టింది. కనీసం ఆ కూర గిన్నె పారబోసి, బల్లి పడిందని చెప్పినా సరిపోయేది. నాకు ఆ ఆలోచన వచ్చింది కూడా. గిన్నె పారబోస్తే రేపు మళ్ళీ కోస్తుంది, పెరడంతా ఏమని ఆపాలి అనుకున్నాను. ఇవన్నీ సాకులు. నేను చెప్పింది తప్పయిందని వదిన ముఖం మీద చెప్పడానికి నోరు రాలేదు. మంగళవారం కూడా ఆమె తింది.

బుధవారం మూడోసారి అదే అంకె వచ్చాక రిపోర్టు కాగితం బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చాను. వదిన వంటగదిలో గోంగూర ఒలుస్తోంది. చేతిలోంచి కట్ట లాక్కున్నాను. నిలబడే అన్నీ చెప్పాను, డ్రమ్ము దగ్గర్నుంచి ఆకులో అంకె దాకా. నర్సు కదా, సీసం కడుపులో బిడ్డకు ఏం చేస్తుందో నేను చెప్పనక్కర్లేదు. ఆమె చెయ్యి పొట్ట మీదకి వెళ్ళింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఇవాళే" అన్నాను.

ఆమె కాగితం అడిగి తీసుకుంది, డాక్టరుకి చూపించాలని. అన్నయ్య వచ్చాక విషయం విని గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. "నువ్వు చదువుకున్నదానివని కదే నమ్మింది" అన్నాడు. ఆయన నన్ను తిట్టింది ఆ ఒక్క మాటే. చీకటి పడకముందే నేనూ అన్నయ్యా మొక్కలన్నీ పీకి సంచుల్లో కట్టేశాం. చాచా వచ్చి, అంత మంచి పంట ఎందుకు పీకేస్తున్నారని బాధపడ్డాడు. గోంగూర పట్టుకెళ్ళిన వాళ్ళందరి పేర్లూ వదిన ఒక చీటీ మీద రాసి నా చేతికిచ్చింది. ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె పక్కన కుర్చీలో కూర్చుంది.

వదిన రక్త పరీక్ష ఫలితం రావడానికి వారం పట్టింది. సీసం ఉండాల్సినదాని కంటే ఎక్కువుంది, మందులు పెట్టాల్సినంత లేదు అన్నారు డాక్టరు. ఇనుము, కాల్షియం మాత్రలు ఆపకుండా వేసుకోవాలి, నెలనెలా రక్తం చూపించుకోవాలి. బిడ్డ సంగతి పుట్టాకే తెలుస్తుంది. అప్పటి నుంచి వదిన నెలకోసారి చెయ్యి చాపి రక్తమిచ్చి వచ్చేది. అంకె కొద్దికొద్దిగా దిగేది. దిగిన రోజు కాగితం మా ముందు బల్ల మీద పెట్టేది.

నా చేతులు ఊరుకోలేదు. ముదీర్‌ని బతిమాలి ల్యాబు డాబా మీద నాలుగు కుండీలు పెట్టాను. నాలుగింట్లోనూ మా పెరటి మట్టే, గోంగూరే. ఒకదానికి ఉత్త నీళ్ళు. రెండోదానికి పులిసిన డ్రమ్ము నీళ్ళు. మూడోదానికి అవే నీళ్ళు మరగబెట్టి, బ్యాక్టీరియా చచ్చాక చల్లార్చి పోశాను. పులుపు వల్లే సీసం కరిగి ఉంటే మూడో కుండీలోనూ కరగాలి కదా. నాలుగోదాంట్లో కాల్చి పొడి చేసిన చేప ఎముకలు కలిపి, డ్రమ్ము నీళ్ళు పోశాను. రెండో కుండీ ఆకుల్లోకే సీసం బాగా ఎక్కింది. మూడోదాంట్లో కొంచెమే. నాలుగోదాంట్లో ఎముకల్లోని ఫాస్ఫేటు సీసాన్ని మళ్ళీ పట్టేసుకుంది, ఆకులోకి చాలావరకు రానివ్వలేదు. ముదీర్ నాలుగు కాగితాలూ చూసి భుజం తట్టాడు. వదినకి చూపించాను.

"అయితే తప్పు నీదా, ఆ పురుగులదా?" అంది.

"నాదే వదినా. అవి వాటి పని అవి చేశాయి."

"సరే" అని కాగితాలు తిరిగిచ్చేసింది. చాన్నాళ్ళ తర్వాత ఆమె నాతో అన్న పెద్ద మాట అదే.

జూలైలో, బయట ఇనప గేటు ముట్టుకుంటే కాలే ఎండలో, ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలకి కాస్త తక్కువ. పుట్టగానే బొడ్డుతాడు రక్తం పరీక్షకి పంపారు. పది రోజులకి డాక్టరు పిలిచి, భయపడాల్సినంత లేదు, పిల్ల ఎదుగుదలను మాత్రం కనిపెట్టి ఉండండి అన్నారు. అన్నయ్య ఆసుపత్రి వరండాలోనే కూర్చుని ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను. కానీ నా ఏడుపులో సంతోషం ఒక్కటే లేదని నాకు తెలుసు.

పిల్లకి ఇరవై రోజులున్నప్పుడు ఒక మధ్యాహ్నం అన్నయ్య పనికెళ్ళాడు. వదిన పాలిచ్చి పిల్లని నా ఒళ్ళో వేసింది. గుప్పెడు మనిషి, నా వేలు పట్టుకుని నిద్రపోతోంది. వేళ్ళు విప్పదీసుకుని లేచి పోదామా అనిపించింది. లేవలేదు.

"వదినా, నీకో అబద్ధం చెప్పాను. బుధవారం నాడు కాదు నాకు తెలిసింది. ఆదివారమే తెలిసింది. మూడు రోజులు నీ ఎదురుగా కూర్చుని, నువ్వు తింటుంటే చూస్తూ ఊరుకున్నాను."

వదిన పక్క మీద దుప్పటి సర్దుతోంది. చేతులు ఆగలేదు.

"తెల్సు" అంది. "నీ కాయితం మీద ఆదివారం అనే ఉంది. మొదటి పరీక్ష, రెండోది, మూడోది, అన్నీ తేదీలేసి ఉన్నాయి. రిపోర్టు చేతికొస్తే మేం నర్సులం ముందు తేదీయే చూస్తాం."

ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా ఆమె ఆ సంగతి మనసులో పెట్టుకుని నాకు అన్నం పెట్టింది, నా ముందు కాగితాలు పెట్టింది, ఇప్పుడు పిల్లని తెచ్చి నా ఒళ్ళో వేసింది.

"మరి అన్నయ్యకి?"

"మీ అన్నయ్యకి చెప్పలేదు. చెప్పను కూడా" అంది. దుప్పటి మడత పెట్టి నా ఎదురుగా వచ్చి కూర్చుంది. "నువ్వే చెప్తావని చూశానమ్మాయ్. రోజూ చూశాను."